మిగిలిపోయిన బొత్తాం

తబాస్కి పండుగకి, అంటే బక్రీదుకి, మా కౌలాక్ ఊరి బజారులో గొర్రెల కంటే ముందు గుడ్డల తాన్లు దిగుతాయి. ఇంటిల్లిపాదికీ ఒకే తాను తీసుకుని పెద్దలకీ పిల్లలకీ ఒకే రంగులో కుట్టిస్తారు. పండుగ పొద్దున ఆ ఇల్లంతా వీధిలోకి వచ్చినప్పుడు, ఇది ఫలానా వాళ్ళ ఇల్లని దూరం నుంచే తెలియాలి. మా తెనింగ్ అత్త దుకాణానికి ఏడాది తిండి ఆ కొద్ది వారాల్లోనే వస్తుంది.

దుకాణమంటే బజారు వెనక సందులో ఒక గది. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, కొలతలు తీసుకోవడానికి మూలన కట్టిన తెర. నేను పుట్టకముందు నుంచీ అత్త ఆ గదిలోనే కుడుతోంది. ఆమె వేసిన కుట్టు ఊడిందని వెనక్కి తెచ్చినవాళ్ళు లేరు. నేను మా పల్లెలో బడి చదువు ముగించుకుని ఆమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక మిషను మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది.

ఎందుకని నేను అడగలేదు. ఎదురు దుకాణం మాసాంబ అడక్కుండానే చెప్పాడు. అతను మా వీధిలో పెద్ద నోరు. తన మిషను తొక్కుతూనే ఆ పక్క నుంచి ఈ పక్కకి కబుర్లు విసురుతుంటాడు. కిందటి పండుగకి మీ అత్త ఒక పిల్లని మరిచిపోయిందమ్మా, అన్నాడు.

మరిచిపోయింది అత్త కాదని నాకు తర్వాత అర్థమైంది. ఇక్కడ మనుషుల్ని లెక్కపెట్టరు. గొర్రెల్ని, బస్తాల్ని, గజాల్ని లెక్కపెడతారు. బతికున్న మనిషిని, అందులోనూ పిల్లల్ని, ఒకటి రెండు అంటూ లెక్కపెడితే వినకూడనిదేదో వింటుందని, విన్నది ఊరికే పోదని భయం. మా పల్లెలోనూ అంతే. నీకెందరు పిల్లలని ఎవరైనా అడిగితే మా అమ్మ, దేవుడి దయ, అని ఊరుకునేది. అందుకని బట్టలు కుట్టించేవాళ్ళు తాను బల్ల మీద పడేసి, మా ఇంటి వాళ్ళు నీకు తెలుసుగా అని వెళ్ళిపోతారు. పిల్లలు ఇద్దరూ ముగ్గురూ కలిసి వాళ్ళకి తోచినప్పుడు వచ్చి కొలతలు ఇచ్చిపోతారు. అందరూ వచ్చారా అని అడగడమంటే లెక్క అడిగినట్టే.

వేరుశనగ లారీల యజమాని ఎలిమాన్ ఇల్లు అత్తకి పాత ఖాతా. ఆయన పెద్ద భార్య జెయ్నబా, మా అత్త ఒక ఈడు వాళ్ళు, ఒక బావి దగ్గర పెరిగినవాళ్ళు. చిన్న భార్య సలమతాకి ఒక్కతే కూతురు, మైరామ్. కిందటి ఏడు కొలతలప్పుడు మైరామ్ అమ్మమ్మ ఊళ్ళో ఉంది. తిరిగి వచ్చినప్పుడు, ఆ పిల్ల కొలత ఇచ్చే ఉంటుందని జెయ్నబా అనుకుంది, ఇచ్చిందనే సలమతా అనుకుంది. అత్తకి అసలు తెలియదు. పండుగ పొద్దున మూట విప్పితే ఇంట్లో అందరికీ నారింజ రంగు బట్టలున్నాయి, మైరామ్‌కి లేవు. గుడ్డ మిగల్లేదు. ఆ పిల్ల పాత ఆకుపచ్చ గౌను వేసుకుని అందరి వెనకా నడిచింది.

సవతి కూతురు కాబట్టే వదిలేసిందని ఊరు జెయ్నబాని అంది. ఊరు అన్న మాటని సలమతా పట్టించుకునేది కాదేమో. కానీ మైరామ్ తర్వాత కడుపున పడ్డ బిడ్డలు ఆమెకి నిలవలేదు. ఉన్న ఒక్కదాన్నీ మరిచిపోయారన్న మాట ఆమె తట్టుకోలేకపోయింది. కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళి, వానలు మొదలయ్యే దాకా రాలేదు. జెయ్నబా మా సందులోకి రావడం మానేసింది. ఆమె మానేస్తే ఆమె ఆడపడుచులు మానేశారు, వాళ్ళ వియ్యాలవారు మానేశారు. అత్త కుట్టిన వాటిలో ఒక్క కుట్టూ తప్పు కాదు. కుట్టని ఒక్క గౌను వల్ల మిషను మీద దుప్పటి పడింది.

ఆ మధ్య ఆడవాళ్ళ పొదుపు సంఘానికి పట్నం నుంచి ఒకాయన వచ్చి వ్యాపారం గురించి చెప్పాడు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, జాగ్రత్తగా ఉండండి అని ఊరికే చెబితే సరిపోదు, పొరపాటు చేయడానికి వీల్లేకుండా పని పద్ధతినే మార్చుకోవాలి అన్నాడు. అది నాకు బాగా నచ్చింది. ఆ తర్వాత, ఎన్ని బట్టలో ముందే అంకె వేసుకోండి అన్నాడు. అక్కడ ఆడవాళ్ళందరూ తలగుడ్డలు సర్దుకున్నారు.

అయినా నేను ఒకసారి ప్రయత్నించాను. ఒక కొత్తావిడ తాను తెస్తే, ఎందరికి కుట్టాలమ్మా అని మెల్లగా అడిగాను. ఆమె నన్నే చూసింది. తాను తీసి చంకలో పెట్టుకుంది. మీ పిల్ల కొత్తదా అని అత్తని అడిగి, జవాబు కోసం ఆగకుండా మాసాంబ దుకాణంలోకి వెళ్ళిపోయింది. మాసాంబ అక్కడి నుంచే నాకు దణ్ణం పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా అత్త కత్తెరకి నూనె రాస్తూ కూర్చుంది.

నాకు అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటాం. ఎవరి చెంచా వాళ్ళది. నాన్నది చెక్క చెంచా, నాది వంకర కాడది. అమ్మ చెంచాలన్నీ కడిగి చాప మీద పోసేది. అందరూ తీసుకున్నాక చాప మీద ఒక చెంచా మిగిలితే, అయ్యో పిల్లాడు ఇంకా చేనులోనే ఉన్నాడని, వాడి వాటా తీసి మూతపెట్టేది. ఎవర్నీ లెక్కపెట్టేది కాదు. మిగిలిన చెంచా చెప్పేది.

అత్త కుట్టే ప్రతి బట్టకీ మెడ దగ్గర ఒక బొత్తాం ఉంటుంది. ఆడవాళ్ళకి వెనక, మగవాళ్ళకి ముందు. నేను పాత బొత్తాలన్నీ కడిగి ఒక వెడల్పు పెట్టెలో పోసి గడప పక్కన పెట్టాను. ఒక్కో ఇంటికి ఒక్కో పాలడబ్బా కేటాయించాను. ఎవరి బొత్తాం వాళ్ళే ఏరుకుని, వాళ్ళ ఇంటి డబ్బాలో వేయాలి. బట్టలన్నీ అయ్యాక చివరగా బొత్తాలు కుడతాం. డబ్బాలో బొత్తాం మిగిలితే ఎవరికో బట్ట కుట్టలేదన్న మాట.

అత్త చాలాసేపు ఆ పెట్టెని చూసింది. మరి కొలతకే రానివాళ్ళు బొత్తాం ఎలా వేస్తారే అని అడిగింది. రానివాళ్ళ కోసం ఇంకొకరు బొత్తాలు తీసుకెళ్ళి వాళ్ళతో ఏరించి తెస్తారు అన్నాను. పిల్లలు ఊరుకోరు అత్తా, నాకో బొత్తాం, మా తమ్ముడికో బొత్తాం అని వాళ్ళే అడుగుతారు.

అలాగే అయింది. పిల్లలు పెట్టె దగ్గర కూర్చుంటే లేచేవారు కాదు. ఎర్రది కావాలని, గవ్వలా మెరిసేది కావాలని కొట్టుకునేవారు. మంచం దిగలేని ఒక అవ్వ కోసం మనవడు దోసెడు బొత్తాలు పట్టుకెళ్ళి, ఆవిడ ఎంచుకున్నది జేబులో వేసుకుని పరుగున తెచ్చాడు. బట్టలు మారిపోవడం కూడా తగ్గింది. ఇది నీది కాదు, నా బొత్తాం నల్లది అని పిల్లలే చెప్పేవారు. ఒకరిద్దరు పాత ఖాతాదారులు తొంగిచూశారు. దుప్పటి తీసి నేను రెండో మిషను తుడిచాను.

మాసాంబ మాత్రం ఊరుకోలేదు. ఏం తెనింగమ్మా, బట్టలు మానేసి బొత్తాల కూర వండుతున్నావా అని అరిచేవాడు. ఉప్పు చూడటానికి నిన్నే పిలుస్తాలే అనేది అత్త.

తర్వాత ఒకరోజు జెయ్నబా వచ్చింది.

భుజాన నీలం రంగు తాను వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె పులార్, మేం సెరేర్. రెండు జాతులకీ మధ్య తాతల నాటి వేళాకోళపు వరస ఉంది. ఎంత మాటన్నా ఉలుక్కోకూడదు.

"ఏమే నా పాలేరా, బతికే ఉన్నావా?" అంది జెయ్నబా.

అత్త తల ఎత్తలేదు. "దొరసాని సెలవిస్తేగా చచ్చేది. పాల కుండ అమ్ముకోవడం అయిందా, ఇటు దారి తప్పావ్?"

"నీ చేతి తిండి కుక్క కూడా తినదు కానీ, నీ చేతి కుట్టు లేక మా ఇల్లంతా గోనెసంచుల్లా తిరుగుతోంది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత జెయ్నబా బల్ల మీద తాను పెట్టి, దాని మీద చెయ్యి తీయకుండా నిలబడింది. నన్ను చూసి, పరవాలేదన్నట్టు గొంతు తగ్గించింది. సలమతా తిరిగొచ్చిందని చెప్పింది. తను బతిమాలితేనే వచ్చిందని అంది.

"తెనింగ్, ఈసారి మా గడపలో ఒక్కరు తప్పినా సలమతా వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. నేను మళ్ళీ పిలవలేను. పిలవడానికి నాకు మొహం ఉండదు."

అత్త ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. ఎవరూ తప్పరు అంది. ఆ మాట ఇచ్చేసినందుకు ఆ రోజంతా భయపడుతూనే ఉంది. కత్తెర పట్టుకుని ఆగిపోయేది, మళ్ళీ కత్తిరించేది.

ఆ ఇంటి పిల్లలు విడతలుగా వచ్చారు. ఎలిమాన్ గారి తల్లి, ఆ ఇంటి అవ్వగారు, వచ్చింది. లారీ మీద దూరం వెళ్ళిన పెద్దకొడుకు కోసం వాడి భార్య బొత్తాం వేసి, కొలతకి పాత చొక్కా ఇచ్చిపోయింది. ఆఖరున సలమతా మైరామ్ చెయ్యి పట్టుకుని వచ్చింది. సన్నని మనిషి, మాట తక్కువ. కొలత తీస్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడింది. మైరామ్ మాత్రం పెట్టె ముందు బోర్లా పడుకుని, ఆ పెట్టెలో అన్నిటికంటే పెద్ద బొత్తాం, కోటుకి కుట్టే పసుపుపచ్చది, ఏరుకుంది. ఇది దూరం నుంచి కూడా కనబడుతుంది కదా అని అడిగింది. కనబడుతుందమ్మా అన్నాను. అప్పుడు సలమతా పెట్టెలోకి చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపే అక్కడ ఉందనిపించింది. ఈలోగా అత్త సూది అందుకోమంటే నేను అటు తిరిగాను.

పండుగ ఇంకా కొద్ది రోజులుందనగా ఆ ఇంటి బట్టలన్నీ అయిపోయాయి. మధ్యాహ్నం ఎండకి తలుపు సగం వేసుకుని నేను బొత్తాలు కుడుతున్నాను. అత్త ఇస్త్రీ చేసి మడతలు పెడుతోంది. మైరామ్ గౌనుకి పసుపు బొత్తాం కుట్టాను. అవ్వగారి అంగీకి గోధుమ రంగుది కుట్టాను. బట్టలు అయిపోయాయి. పాలడబ్బా ఊపితే అడుగున చిన్న చప్పుడైంది.

ఒక బొత్తాం మిగిలింది. తెల్లది, చిన్నది, గోరంత కూడా లేదు.

అత్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఇద్దరం మడతలన్నీ విప్పి మళ్ళీ చూశాం. ప్రతి మెడ దగ్గరా బొత్తాం ఉంది. అత్త మొహం నేనెప్పుడూ చూడనట్టుగా అయింది. ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఎవరో మిగిలిపోయారే," అంది. "మళ్ళీ ఎవరో మిగిలిపోయారు."

అడిగి రానా అన్నాను. ఏమని అడుగుతావ్ అంది. మీ ఇంట్లో మేం కుట్టనివాళ్ళు ఎవరని అడిగితే, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి మనుషుల్ని లెక్కపెట్టినట్టే. పండుగ ముందు ఆ మాట అంటే జెయ్నబా అత్తగారు కీడు పోవాలని నీళ్ళు చల్లి తలుపు వేసుకుంటుంది. అడక్కపోతే కిందటేడు లాగే అవుతుంది. అడగడమూ తప్పే, ఊరుకోవడమూ తప్పే. అత్త ఆ తెల్ల బొత్తాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

నేను అడగను అత్తా, చూసి వస్తాను అన్నాను.

అంచులు సరిచూడాలనే మిషతో రెండు మూడు చొక్కాలు సంచిలో వేసుకుని వెళ్ళాను. ఆ ఇంట్లో అప్పుడే వంట దించుతున్నారు. చేపల అన్నం వాసన వీధి దాకా వస్తోంది. వచ్చినవాళ్ళు తినకుండా వెళ్ళడం ఇక్కడ కుదరదు. నన్నూ పళ్ళెం దగ్గర కూర్చోబెట్టారు. నేను తక్కువ తిని ఎక్కువ చూశాను. పిల్లలు ఒక్కొక్కరే, అక్కా నా ఎర్రది కుట్టావా, నా మెరిసేది కుట్టావా అని అడిగారు. కుట్టానన్నాను. పెరట్లో, అవ్వగారి గదిలో, వాకిట్లో ఎవరైనా కొత్త చుట్టం ఉన్నారేమోనని చూశాను. నేను చూసిన మొహాలన్నిటికీ నా వేళ్ళు కుట్టిన బొత్తాలున్నాయి. అందరికీ ఉంది. ఎవరూ మిగల్లేదు.

అప్పుడు సలమతా వంటింట్లోంచి వచ్చింది. రెండు చేతులా పెద్ద గిన్నె. జెయ్నబా ఎవరితోనో గొర్రె బేరం గురించి తగువాడుతోంది. ఆ తగువు ఆపకుండానే, సలమతా వైపు చూడకుండానే, లేచి వెళ్ళి ఆ గిన్నె తను అందుకుంది. సలమతా ఇచ్చేసింది. సలమతా పళ్ళెం దగ్గర కూర్చుని, చేప ముక్క తన వైపు వస్తే పక్కకి తోసి, ఉత్త అన్నం కొంచెం నోట్లో పెట్టుకుంది. మైరామ్ పరుగున వచ్చి ఒళ్ళో పడబోయింది. తల్లి చటుక్కున పక్కకి తిరిగి తుంటి మీద మోపి పట్టుకుంది.

నాకు చిన్నప్పుడు మా అమ్మ అలాగే పట్టుకునేది, మా ఆఖరి తమ్ముడు పుట్టే ముందు.

అన్నం నోట్లోనే ఉండిపోయింది. తల దించుకుని నమిలాను. ఇక్కడ ఇలాంటి విషయం కడుపు తనంతట తాను బయటపడేదాకా ఎవరూ నోటితో అనరు. తల్లి అనదు, తెలిసినవాళ్ళు అనరు. నోళ్ళకి దిష్టి ఉంటుంది. బిడ్డలు నిలవని తల్లి విషయంలో మరీను. పెద్ద భార్యకి తెలుసు. తెలుసునని గిన్నె అందుకోవడంతో చెప్పింది. చిన్న భార్య తన వాళ్ళకి కాకుండా మాకు చెప్పుకుంది, మాటతో కాకుండా ఆ చిన్న బొత్తాంతో.

దుకాణానికి తిరిగి వస్తూ దారంతా ఆలోచించాను, అత్తకి ఎలా చెప్పాలని. చెప్పకూడదు, అర్థం కావాలి.

అత్త ఇంకా నేల మీదే ఉంది. "ఎవరూ మిగల్లేదత్తా," అన్నాను. "అందరి బొత్తాలూ కుట్టేశాం."

"మరి ఇది?"

"ఇదీ ఆ ఇంటిదే." సంచిలోని చొక్కాలు తీసి బల్ల మీద పెట్టాను. "సలమతా అంగీ నడుం దగ్గర పక్క కుట్లు కొంచెం వదులు చేస్తే బాగుంటుందత్తా. వచ్చే నెలల్లో కూడా వేసుకోవాలి కదా."

అత్త నా మొహంలోకి చూసింది. ఆ తెల్ల బొత్తాం చుట్టూ ఆమె వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది, దువా చదివి దేవుణ్ణి వేడుకుందనుకుంటాను. తర్వాత మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది.

"ఆ అంగీ ఇటు తీసుకురా," అంది.

అత్త కత్తిరించేటప్పుడు లోపల గుడ్డ ఎక్కువే వదులుతుంది. పక్క కుట్లు విప్పి, ఉన్నదంతా బయటికి తీసి, మళ్ళీ కుట్టింది. బొత్తాం సంగతి మాత్రం తేలలేదు. పారేయకూడదు. తిరిగి ఇవ్వకూడదు, ఇస్తే మీ బిడ్డకి మా దగ్గర చోటు లేదన్నట్టు. చిన్న అంగీ కుట్టి దానికి పెట్టనూకూడదు. బిడ్డ చేతుల్లోకి వచ్చేదాకా ఇక్కడ ఎవరూ బిడ్డ బట్టలు కుట్టరు. పెట్టెలోకి విసిరేస్తే వేరే ఇంటివాళ్ళు ఏరుకుంటారు. నేను ఒక్కొక్కటీ మెల్లగా అంటుంటే అత్త ఒక్కొక్కదానికీ తల అడ్డంగా ఊపింది.

ఆమె సలమతా అంగీని తిరగేసింది. పొత్తికడుపు దగ్గరికి వచ్చే చోట, లోపలి వైపు, పక్క కుట్టు పక్కన వేలితో తడిమి చూసింది. నీలం దారం ఎక్కించమంది. తెల్లదారమైతే బయటికి కనబడుతుంది. వస్త్రం బయటి పోగు తగలకుండా, మడతలో మాత్రమే సూది దింపుతూ, బొత్తాం చుట్టూ నాలుగుసార్లు చుట్టి ముడి వేసింది. మామూలుగా పళ్ళతో దారం కొరికే మనిషి ఈసారి కత్తెర అడిగింది. అంగీని మళ్ళీ తిరగేస్తే బయట ఏమీ లేదు. నున్నటి నీలం గుడ్డ.

పాలడబ్బా బోర్లించి చూపించింది నాకు. ఖాళీగా ఉంది.

మర్నాడు జెయ్నబా, సలమతా కలిసి వచ్చారు. జెయ్నబా మడతలన్నీ విప్పి చూస్తూ, ఈ చేతులు చూడు ఎంత పొట్టిగా పెట్టిందో, గుడ్డ కాజేసి తన మనవలకి లాగులు కుట్టుకుందేమో అని నాకు ఫిర్యాదు చేసింది. నీ చేతులే పొడుగయ్యాయి, జనం సొమ్ము అందుకుని అందుకుని అంది అత్త. ఈ గోల మధ్య సలమతా తన అంగీ తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది.

చాలాసేపు బయటికి రాలేదు. తెర కింద ఆమె పాదాలు కదలకుండా కనిపించాయి. అత్త మాట్లాడుతూనే ఉంది కానీ ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. జెయ్నబా కూడా విప్పిన మడతనే మళ్ళీ మళ్ళీ విప్పుతోందని నేను గమనించాను.

సలమతా తెర తప్పించి వచ్చింది. నీలం రంగు ఆమెకి బాగా నప్పింది. కుడి చెయ్యి నడుం పక్కన, కుట్టు మీద ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి. అత్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"సరిగ్గా కుదిరింది పిన్నీ," అంది.

"బిగుతు అనిపిస్తే చెప్పమ్మా. ఇంకా వదలడానికి గుడ్డ ఉంది."

"లేదు. అన్నిటికీ చోటుంది."

జెయ్నబా ముక్కు ఎగబీల్చి, ఈ బజారులో దుమ్ము ఎక్కువైపోయింది అని మూట కట్టసాగింది. ఆ మూట సలమతాని ఎత్తనివ్వలేదు. నన్ను పిలిచి, ఇంటి దాకా నువ్వు మొయ్యవే అంది.

పండుగ పొద్దున నేనూ అత్తా దుకాణం ముందు బల్ల వేసుకుని కూర్చున్నాం. నమాజు విడిచాక వీధి రంగులతో నిండిపోయింది. ఆకుపచ్చ ఇల్లు, తేనెరంగు ఇల్లు, ఊదారంగు ఇల్లు. వాటిలో మేం కుట్టినవి చాలానే ఉన్నాయి. మాసాంబ కూడా కొత్త అంగీ వేసుకుని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆ బొత్తాల పెట్టె సంగతి ఏమిటో కాస్త చెప్పరాదా అన్నాడు, వేళాకోళం లేకుండా. ఖాతాదారులు తననీ అడుగుతున్నారట. ఉప్పు చూడటానికి పిలుస్తానన్నానుగా, పండుగయ్యాక రా అంది అత్త.

అప్పుడు నీలం రంగు ఇల్లు మలుపు తిరిగింది. ముందు ఎలిమాన్ గారు, ఆయన తల్లి, వెనక కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. నా కళ్ళు మొదటి వరస నుంచి అలవాటుగా లెక్కపెడుతూ జరగబోయాయి. నేను చూపు నేలకి దించాను. మళ్ళీ తల ఎత్తేసరికి జెయ్నబా, సలమతా చివర్న పక్కపక్కనే నడుస్తున్నారు. సలమతా చెయ్యి జెయ్నబా మోచేతిలో ఉంది. మైరామ్ ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది. అందరికంటే ముందు, ఎలిమాన్ గారి కంటే కూడా ముందు, మెడ వెనక పసుపు బొత్తాం అందరికీ కనబడాలని తల వంచి నడుస్తోంది.

పొద్దెక్కాక ఆ పిల్లే మా వాటా మాంసం పళ్ళెం తెచ్చింది. అత్త పళ్ళెం అందుకుంది. మైరామ్ వెళ్ళలేదు. గుమ్మంలో ఒంటికాలి మీద ఊగుతూ నిలబడింది.

"అవ్వా, అందరి బొత్తాలూ చూశాను నేను," అంది. "మా అమ్మది ఒకటే ఉంది. అమ్మ రెండు వేసింది డబ్బాలో. నేను చూశాను. ఒకటి తప్పిపోయిందా?"

మాసాంబ చెవులు రిక్కించాడు. అత్త గబుక్కున పళ్ళెంలోంచి ఒక కాలేయం ముక్క తీసి ఆ పిల్ల నోట్లో పెట్టింది. దగ్గరికి లాక్కుని, కొత్త గౌను భుజం సర్దింది.

"తప్పిపోలేదు తల్లీ," అంది చెవిలో. "మీ అమ్మ దగ్గరే ఉంది. నువ్వు ఎవరికీ చెప్పకు."

మైరామ్ నములుతూ తల ఊపింది. ఇంకో ముక్క ఉందా అని అడిగింది.